“టెన్షన్ పడకు, అయితది” అనే మాట గురించి



ఈ పోస్టు రెండు నెలల నుంచి రాస్తున్న, తుడిపేస్తున్న. నాది శ్రీరాంపూర్. సింగరేణిల అండర్‌గ్రౌండ్ జనరల్ మజ్దూర్‌ను. బాపు మెడికల్ అన్‌ఫిట్ అయితే కారుణ్య నియామకం కింద నాకు కొలువు వచ్చింది. అంతకు ముందు ఉట్నూర్ల హాస్టల్ చదువు, మంచిర్యాలల డిగ్రీ. మీలో కొందరు నన్ను గుర్తుపడతరు. గుర్తుపట్టినా పేరు రాయకండి.

పెళ్లయి ఎనిమిదేండ్లు. పిల్లల్లేరు. ఒకసారి ఐవీఎఫ్ చేయించినం, ఫెయిలైంది. ఈ ఎనిమిదేండ్లల నా భార్య ఎక్కువసార్లు విన్న మాట ఒకటే: “టెన్షన్ పడకు, అయితది.” మా అమ్మ అన్నది, మా అత్త అన్నది, క్వార్టర్ పక్కింటి వదిన అన్నది, బాయి మీద దోస్తులు అన్నరు, చివరికి డబ్బులు కట్టిన సెంటర్ల కూడా అదే అన్నరు. అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేను. ఆ మాటల నిజం ఎంత, అబద్ధం ఎంత, దాని వెనక నేను ఎట్ల దాక్కున్న, ఇదే ఈ పోస్టు. నా భార్య చదివి సరేనన్నంకనే పెడుతున్న.

మాది మెస్రం ఇల్లు. పెళ్లయినంక వచ్చిన పుష్య అమావాస్యకు కేస్లాపూర్ పోయినం. నాగోబా దగ్గర కొత్త కోడళ్ల భేటింగ్‌ల ఆమె ముసుగేసుకొని వరుసల నిలబడ్డది. పెద్దమ్మలు ఆశీర్వాదం ఇచ్చిన్రు, వచ్చే ఏడు ముగ్గురై రావాలె అన్నరు. రెండో ఏడు పోతే “ఏమన్నా ఉన్నదా?” అని అడిగిన్రు. మూడో ఏడు అడుగుడు బంద్ చేసి జాలిగ చూసిన్రు. నాలుగో ఏడు ఆమె, నువ్వు పోయి రా, నాకు ఒంట్ల బాగలేదు అన్నది. ఒంట్ల బాగనే ఉండె. నాకు తెలుసు.

ఆ మూడేండ్లల ఆమెకు చేయని టెస్టు లేదు. స్కానింగులు, థైరాయిడ్, హార్మోన్ల రక్త పరీక్షలు, ట్యూబులు తెరుచుకొని ఉన్నయా లేదా చూడడానికి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే నాడు నొప్పికి ఆమె నా చెయ్యి పట్టుకున్న తీరు ఇప్పటికీ యాదికొస్తది. ప్రతిసారీ రిపోర్టు నార్మల్. నార్మల్ అని వచ్చినప్పుడల్లా అందరూ సంతోషపడ్డరు, నాకు మాత్రం లోపల భయం పట్టుకున్నది. ఆమెల తప్పు లేకపోతే మరి ఎక్కడున్నట్టు? ఆ ప్రశ్న నా దాకా రాకుండా ఆపడానికి నాకు ఒక మాట కావాలె. “రిపోర్టులన్నీ బాగనే ఉన్నయి, నువ్వే ఊకె టెన్షన్ పడుతున్నవు.” ఎంత సుఖమైన మాటో చూడండి. ఏ మిషన్ల కనబడదు, ఎవ్వడూ కాదనలేడు, తప్పు మాత్రం ఆమె మీదికే పోతది.

చివరికి ఒక ప్రభుత్వ డాక్టరమ్మ ఫైలంతా తిరగేసి నన్ను చూసి అడిగింది: “బాబూ, నీ రిపోర్టు ఏది?” నా దగ్గర జవాబు లేదు. షిఫ్టులు మేడం, తీరలేదు అన్న. ఆమె నవ్వలేదు. “ఆమెకు చేసిన టెస్టులన్నిట్ల కంటే నీది సులువు. మూడు నాలుగు రోజులు ఆగి వచ్చి శాంపిల్ ఇస్తే ఒక్క రోజుల తెలుస్తది” అన్నది.

తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021ల ఇచ్చిన లెక్క ప్రకారం మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల వీర్యకణాలు కింది హద్దు. నాయి 40 లక్షలు. అందుల సరిగ్గ కదిలేటివి ఇంకా తక్కువ. మూడు నెలల తర్వాత మళ్లీ చేస్తే కూడా దాదాపు అంతే వచ్చింది. పిల్లలు కాని జంటలల్ల ఇంచుమించు సగం మందికి మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటదట. డాక్టరమ్మ అది చెప్తుంటే నేను గోడ మీది క్యాలెండర్ చూస్కుంట కూసున్న.

బాయి పనికి, దీనికి ఏమన్నా సంబంధం ఉంటదా అని అడిగిన. ఆమె ఖచ్చితంగ ఔననలేదు, కాదనలేదు. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువల ఉంటేనే మంచిగ పనిచేస్తయట. అందుకే అవి ఒంటికి బయట ఉంటయి. ఒక వీర్యకణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడతది. అంటే ఈ రోజు చేసిన పాడు ఈ రోజు కనబడదు, చేసిన మంచి కూడా రేపే కనబడదు. గాలి సరిగ్గ తిరగని ఫేస్‌ల పనిచేసినోళ్లకు ఉక్క ఎట్లుంటదో నేను చెప్పక్కర్లేదు. బొగ్గు గనుల నిబంధనలల్ల తడి థర్మామీటర్ 33.5 డిగ్రీలు దాటొద్దని రాసి ఉన్నది. రాసేదాక వచ్చిందంటే ఆ వేడి ఎంతదాక పోతదో ఆలోచించుకోండి. ఇంకొకటి, బాయిలకు బీడీ, అగ్గిపెట్టె కొంటవోనీయరు. ప్రాణాల మీదికొస్తది కాబట్టి అది మంచిదే. కానీ అందుకే మాల చానామంది తంబాకు నములుతరు. నేను పదేండ్ల నుంచి నములుతున్న. డాక్టరమ్మ మొట్టమొదట ఆపమన్నది అదే.

ఇక్కడ నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలె. ఆ రిపోర్టు గురించి ఇంట్ల ఎవ్వరికీ చెప్పలేదు. నా భార్యకు తెలుసు, అంతే. మా అమ్మ, మా అత్త మామ అందరూ ఆమెకే ఏదో ఉన్నదనుకున్నరు. నేను అనుకోనిచ్చిన.

తర్వాత ఒక పెద్ద పట్నంల ప్రైవేటు సెంటర్‌కు పోయినం. నా కౌంటుకు ఇక్సీ చేయాలన్నరు. అంటే ఒక్కొక్క అండంలకు ఒక్కొక్క వీర్యకణాన్ని సూదితో ఎక్కించుడు. 1992ల బెల్జియం డాక్టర్లు ఈ పద్ధతిల మొదటి గర్భాలు వచ్చినట్టు ప్రకటించిన్రు. నాలాంటి మగవాళ్లకు అంతకు ముందు దాదాపు దారే లేకుండె. పది పన్నెండు రోజులు ఆమె కడుపుకు రోజూ ఇంజెక్షన్లు. చివరి ఇంజెక్షన్ ఇచ్చినంక 36 గంటల లోపల మత్తిచ్చి అండాలు తీసుడు. తొమ్మిది వచ్చినయి. నాలుగు పిండాలైనయి. రెండు పెట్టిన్రు, రెండు గడ్డకట్టించి దాచిన్రు. నా వంతు ఒక్క శాంపిల్. మిగతా అంతా ఆమె ఒళ్లు. నా తక్కువ కౌంటుకు ఆమె కడుపు మీద సూదులు. ఇది మగపిలగాండ్లు ఒక్కసారి ఆగి ఆలోచించాలె.

రెండు వారాలకు రక్త పరీక్ష. ఆ రోజు నాది సెకండ్ షిఫ్ట్. బాయిలకు ఫోను ఉండదు కదా. రాత్రి పైకొచ్చి, ల్యాంప్ రూంల క్యాప్ ల్యాంప్ అప్పజెప్పి, బట్టలు మార్చుకొని ఫోను తీసిన. మెసేజ్ ఉన్నది. “రాలే.” సాయంత్రం ఐదింటికి పెట్టింది. ఆరు గంటలు ఒక్కతే ఆ మాటతోని కూసున్నది. ఇంటికి పోయి ఆమె పక్కన కూసొని నేను అన్న మాట ఏందో తెలుసా? “చెప్పిన గదనే, టెన్షన్ పడకు అని.”

ఓదార్పు అనుకొని అన్న. ఆమె నా మొఖం చూసి లేచి పోయింది.

పది రోజులకు సెంటర్‌కు పోతే అక్కడి కౌన్సెలర్ కూడా అదే అన్నది, కాకపోతే సైన్స్ మాటలల్ల. “మేడం స్ట్రెస్ చాలా తీసుకుంటున్నరు. స్ట్రెస్ వల్ల ఇమ్యూనిటీ ఎక్కువై, కిల్లర్ సెల్స్ పెరిగి పిండాన్ని బయటి వస్తువు అనుకొని చంపేసినయి. ఈసారి ఎన్‌కే సెల్ టెస్ట్, ఇంట్రాలిపిడ్ సెలైన్, స్టెరాయిడ్ గోలీలు కలిపి ప్యాకేజీ ఇస్తం.” మొదటిసారికే సొసైటీ లోను తీసుకున్న, చిట్టి ఎత్తిన. ఇది దాని మీద ఇంకో మోత. అయినా సంతకం పెట్టడానికి పెన్ను తీసిన. ఎందుకంటే ఆ కథల కూడా తప్పు నాది కాదు.

బయటికొచ్చినంక బస్టాండ్ల నా భార్య అడిగింది: “నా మనసు బాగలేక పిండం చచ్చిపోయిందంటున్నరు. మరి నీ కౌంటు 40 లక్షలు ఉండుడు కూడా నా మనసు వల్లనేనా?” నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే బట్టలు సర్దుకున్నది. తెల్లారి జైనూర్ దిక్కు వాళ్ల ఊరికి పోయింది.

నేను ఒక్కన్ని క్వార్టర్ల ఉన్న. అప్పుడు మా చిన్నాయన బిడ్డకు ఫోన్ చేసిన. ఎంబీబీఎస్ చదువుతున్నది, మా ఇంటి వైపు నుంచి మొదటి డాక్టర్ అయితది. “అన్నా, వదిన రిపోర్టులు, సెంటర్ వాళ్ల కాయితం అన్నీ ఫొటో తీసి పంపు” అన్నది. నాలుగు రోజులు టైం అడిగింది. తర్వాత రెండు గంటలు నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది. చెల్లె చెప్పింది నాకు అర్థమైన కాడికి రాస్తున్న.

మొదట స్ట్రెస్ గురించి. 2011లో బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్లు బీఎంజే అనే మెడికల్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. ఐవీఎఫ్ లాంటి చికిత్స తీసుకుంటున్న 3,583 మంది ఆడవాళ్ల మీద జరిగిన 14 పరిశోధనలను కలిపి చూశారు. చికిత్సకు ముందు ఎవరు ఎంత ఆందోళనలో, బాధలో ఉన్నారో కొలిచి, ఆ తర్వాత ఎవరికి గర్భం వచ్చిందో పోల్చారు. బాధ ఎక్కువున్న వాళ్లకు, తక్కువున్న వాళ్లకు మధ్య ఆ సైకిల్ ఫలితంలో తేడా కనబడలేదు. అదే సంవత్సరం డెన్మార్క్ పరిశోధకులు ఇంకా ఎక్కువ పరిశోధనలను కలిపి చూస్తే, చిన్న సంబంధం ఉన్నట్టు వచ్చింది. చిన్నది, అంతే. అంటే ఇద్దరి మాటా కలిపి చూస్తే, స్ట్రెస్ వల్ల ఏమన్నా తేడా ఉన్నా అది చాలా తక్కువ. ఒక సైకిల్ ఫెయిలైనప్పుడు “ఇదిగో నీ టెన్షన్ వల్లే” అని ఒక మనిషిని వేలుపెట్టి చూపించేంత ఆధారం ఎవరి దగ్గరా లేదు.

మరి స్ట్రెస్‌కు, సంతానానికి అసలు సంబంధమే లేదా అని అడిగిన. ఉన్నది, కానీ వేరే చోట అన్నది. మామూలుగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్న అమెరికా జంటల మీద ఒక పరిశోధన జరిగింది. 2014లో దాని ఫలితం వచ్చింది. ఉమ్మిలో ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, ఒంట్లో ఒత్తిడి పెరిగితే అది పెరుగుతుంది. అది అందరికంటే ఎక్కువున్న మూడో వంతు ఆడవాళ్లకు, తక్కువున్న వాళ్లతో పోలిస్తే నెల నెలా గర్భం వచ్చే అవకాశం 29 శాతం తక్కువ కనబడింది. విచిత్రం ఏమంటే, అందరూ స్ట్రెస్ హార్మోన్ అని పిలిచే కార్టిసాల్‌తో అలాంటి సంబంధం కనబడలేదు. ఇంకొకటి, తిండి లేక బరువు బాగా తగ్గిపోయినా, తట్టుకోలేనంత కష్టం వచ్చినా కొందరికి నెలసరే ఆగిపోతుంది. మెదడు నుంచి అండాశయానికి పోయే సంకేతం ఆగిపోతుంది కాబట్టి. అది నిజం. కానీ ఐవీఎఫ్‌లో ఆ సంకేతం పని ఇంజెక్షన్లు చేస్తాయి. అండాలు పెరిగేది ఆ మందులతో, కలిపేది ల్యాబ్‌లో. వదినకు తొమ్మిది అండాలు వచ్చినయి కదన్నా, టెన్షన్ అక్కడ ఏం ఆపింది అని అడిగింది చెల్లె.

తర్వాత ఇమ్యూనిటీ సంగతి. ఇది నాకు కొత్త. పిండంలో సగం తల్లిది, సగం తండ్రిది. తండ్రి సగం తల్లి ఒంటికి పరాయిదే. మరి ఒళ్లు దాన్ని ఎందుకు తోసేయదు? ఇక్కడే కౌన్సెలర్ సగం నిజం చెప్పింది. గర్భసంచి లోపలి పొరలో ఎన్‌కే కణాలు నిజంగానే ఉంటాయి. గర్భం మొదటి నెలల్లో అక్కడుండే తెల్ల రక్తకణాల్లో దాదాపు 70 శాతం అవే. కానీ అవి పిండాన్ని చంపడానికి లేవు. తల్లి రక్తనాళాలను వెడల్పు చేసి, మాయకు రక్తం అందేటట్టు చేయడంలో అవి సాయం చేస్తాయి. 1970లలో రక్తంలో ఇలాంటి కణాలు క్యాన్సర్ కణాలను చంపడం చూసి కిల్లర్ అని పేరు పెట్టారు. ఆ పేరే మనల్ని భయపెడుతోంది. పైగా రక్తంలోని ఎన్‌కే కణాలు వేరు, గర్భసంచిలోనివి వేరు. చేతి నుంచి రక్తం తీసి పరీక్ష చేస్తే గర్భసంచిలో ఏం జరుగుతుందో తెలియదు.

ఇంట్రాలిపిడ్ అంటే ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. సోయా నూనె, గుడ్డు సొనలోని కొవ్వు కలిపిన తెల్లటి ద్రవం. నోటితో తినలేని రోగులకు నరం ద్వారా ఆహారంగా ఎక్కించడానికి తయారు చేశారు. దాన్ని ఐవీఎఫ్‌లో వాడితే బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని గట్టి రుజువు లేదు. బ్రిటన్‌లో ఈ చికిత్సలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ అదే చెప్తోంది. యూరప్ సంతాన వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన సిఫార్సుల్లో కూడా దీన్ని మామూలుగా వాడొద్దన్నారు. ఇమ్యూనిటీకి సంబంధించి నిజమైన జబ్బులు కొన్ని ఉన్నాయి. ఉదాహరణకు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. అందులో మళ్లీ మళ్లీ గర్భాలు పోతాయి, దానికి పరీక్ష ఉంది, మందు ఉంది. కానీ ఒక్కసారి ఫెయిలైన ప్రతి ఒక్కరికీ ఇమ్యూనిటీ ప్యాకేజీ పెట్టడం వైద్యం కాదు.

స్టెరాయిడ్ మాట వినంగనే చెల్లె ఒక ప్రశ్న అడిగింది. “వదిన వాళ్ల ఇంట్ల ఎవరికన్నా టీబీ ఉండెనా?” మా మామకు ఉండె. నా పెళ్లప్పుడు ఆయన మందులు వాడుతుండె. సెంటర్ల ఈ ప్రశ్న ఎవ్వరూ అడగలేదు. తమ్ముళ్లూ, ఇది జర జాగ్రత్తగ చదవండి. టీబీ అంటే ఊపిరితిత్తులకే కాదు. ఆడవాళ్ల ట్యూబులకు, గర్భసంచి పొరకు కూడా వస్తుంది. దగ్గు ఉండదు, జ్వరం ఉండకపోవచ్చు, ఏండ్ల తరబడి తెలియకుండానే ట్యూబులను పాడు చేస్తుంది. మన దేశంలో ఆడవాళ్లకు పిల్లలు కాకపోవడానికి ఉన్న ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. ఒంట్లో నిద్రపోతున్న టీబీ, ఇమ్యూనిటీ తగ్గినప్పుడు లేస్తుంది. స్టెరాయిడ్ చేసే పనే ఇమ్యూనిటీని తగ్గించడం. అంటే లేని జబ్బుకు మందేసి ఉన్న జబ్బును లేపే ప్రమాదం. నా భార్యకు పరీక్షలు చేయించినం, టీబీ లేదని వచ్చింది. కానీ మన గూడేలల్ల, బాయి కాలనీలల్ల టీబీ ఎంత ఉన్నదో మనకు తెలుసు. ప్రభుత్వ దవాఖానలో పరీక్ష, మందులు ఉచితం. మందులు వాడే వాళ్లకు తిండి కోసం ఇచ్చే డబ్బును 2024 నవంబర్ నుంచి నెలకు 1,000 రూపాయలు చేశారు.

చెల్లె చేయించమన్న ఇంకో పరీక్ష సికిల్ సెల్. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 2047 నాటికి పోగొట్టాలని లక్ష్యం. మన గోండు, కోలాం వాళ్లల్ల ఇది ఉన్నది. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం ఉంటది. నా భార్య క్యారియర్. నాకు లేదు. అందుకని భయం లేదన్నరు. లక్షలు పెట్టి ఐవీఎఫ్ చేయించే ముందు ఈ చిన్న పరీక్ష గురించి మాకు ఎవ్వరూ చెప్పలేదు.

ఫోన్ పెట్టేముందు చెల్లె ఇంకో మాట అన్నది. బ్రిటన్ లెక్కల్లో 35 ఏండ్ల లోపు ఆడవాళ్లకు కూడా ఒక పిండం పెడితే బిడ్డ పుట్టేది దాదాపు మూడింట ఒక వంతే. వయసు పెరిగితే ఇంకా తగ్గుతది. చాలా పిండాలు వాటి లోపలి క్రోమోజోముల లెక్క తప్పి ఆగిపోతయి. అంటే అంతా సరిగ్గ చేసినా ఫెయిలయ్యేదే ఎక్కువ. “మూడిట్ల రెండు సార్లు ఓడిపోయే ఆటల ఒక్కసారి ఓడిపోతే, ఎవరి తప్పు అని ఎందుకు వెతుకుతున్నవన్నా?”

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఒక ఆలోచన వచ్చింది. ఇది సైన్స్ కాదు, నా మాట. టెన్షన్ ఉంటే పిల్లలు పుట్టరంటే మన జాతి ఇక్కడి దాకా వచ్చేదా? కుమ్రం భీం పోరాడి ప్రాణమిచ్చిన 1940ల మన తాతలు అడవులల్ల ఎంత భయంతోని బతికిండ్రో విన్నం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల కాల్పులు జరిగినయి. ఆ ఏడాది కూడా మన గూడేలల్ల పిల్లలు పుట్టిన్రు, పెరిగిన్రు. మన ఆడవాళ్లు భయం, ఆకలి, దుఃఖం అన్నిట్ల కడుపు మోసినోళ్లే. వాళ్ల మనవరాలిని పట్టుకొని “నువ్వు టెన్షన్ పడ్డవు కాబట్టి” అని నేను అన్న.

అయితే స్ట్రెస్ ఏం చేయదని నేను అనట్లేదు. చేస్తది, కానీ వేరే తీరుగ. ఆమె తిండి తగ్గించింది, నిద్ర పోయింది, తొట్లె ఉన్న ఇంటికి పోవుడు మానేసింది. నేను తాగుడు పెంచిన. ఇద్దరం మాట్లాడుకొనుడు బందైంది. చికిత్స మధ్యల వదిలేసే వాళ్లల్ల చానామంది డబ్బుల వల్లనే కాదు, ఈ మోత మోయలేక వదిలేస్తరట. కాబట్టి మనసుకు సాయం కావాలె. గర్భం రావడానికి కాదు, మనిషి మనిషిగ ఉండడానికి. ఆ సాయం “టెన్షన్ పడకు” అనే మాటతోని రాదు. టెన్షన్ పడకు అంటే, పడ్డందుకు కూడా ఇంకో టెన్షన్.

తర్వాత నాలుగు రోజులు లీవు పెట్టిన. అమ్మను తీసుకొని జైనూర్ పోయిన. అత్తింటి వాకిట్ల, అమ్మ, అత్త, మామ, నా భార్య అందరూ ఉండంగ నా రిపోర్టు తీసి చెప్పిన. ఆమె రిపోర్టులల్ల ఏం లేదు, తక్కువున్నది నాకు, మూడేండ్ల నుంచి నాకు తెలుసు అని. నోరు ఎండిపోయింది. కొంచెం సేపు ఎవ్వరూ మాట్లాడలే. మా మామ చిన్నగ దగ్గి బయటికి పోయిండు. మా అమ్మ నా దిక్కు చూసి, “మరి ఇన్నొద్దులు పిల్లను ఎందుకు మాటలు పడనిచ్చినవురా?” అన్నది. ఎనిమిదేండ్లల నాకు పడాల్సిన మాట అదొక్కటే. అది పడ్డది.

నా భార్య ఏం అనలేదు. ఆ పొద్దు ఆమె వడ్డించినప్పుడు నాకు ముందు పెట్టలేదు, మా అమ్మకు పెట్టింది. రెండు రోజులకు నా వెంట వచ్చింది.

గ్రూపుల ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లలో చానామందికి ఇంకా పెళ్లి కాలేదు. కానీ మీ అక్కలు, వదినలు ఉన్నరు. చదువుకున్నోళ్లు అని ఇంట్ల మిమ్మల్నే అడుగుతరు. అందుకే నేను నేర్చుకున్నది నాలుగు ముక్కలల్ల చెప్తున్న.

1. ఏడాది ప్రయత్నించినా కాకపోతే, ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి పోండి. మొదటి రోజే మగవాని టెస్టు కూడా చేయించండి. నాలాగ ఐదేండ్లు ఆగకండి. తంబాకు, తాగుడు ఆపి కనీసం మూడు నెలలు చూడండి.

2. టీబీ చరిత్ర, సికిల్ సెల్, రక్తహీనత గురించి మీరే డాక్టర్‌కు చెప్పండి. వాళ్లు అడగకపోవచ్చు.

3. ఇమ్యూనిటీ టెస్టు, సెలైన్, స్టెరాయిడ్ అని అదనంగ ఏది చెప్పినా మూడు ప్రశ్నలు అడగండి. నాకు ఏ జబ్బు ఉన్నట్టు? ఏ పరీక్షల తేలింది? దీనితోని బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతదని రుజువు ఉన్నదా? జవాబు రాసి ఇవ్వమనండి. వేరే డాక్టర్‌కు చూపించండి. సొంతంగ మాత్రం ఏ మందూ ఆపకండి, మొదలుపెట్టకండి.

4. 2021ల వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం ప్రతి ఐవీఎఫ్ సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలె. ఆడవాళ్లకు 21 నుంచి 50, మగవాళ్లకు 21 నుంచి 55 ఏండ్ల వయసు హద్దు ఉన్నది. పైసలు కట్టకముందే సర్టిఫికెట్ చూడండి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిల 2023ల ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభించిన్రు. అప్పు చేసే ముందు అక్కడ ఒకసారి అడగండి.

ఐదోది నంబర్ వేసి చెప్పేది కాదు. మీ ఇంట్ల పిల్లలు లేని అక్కో, వదినో ఉంటే ఆమెకు సలహా చెప్పకండి. మీ అన్నకో బావకో ఫోన్ చేసి, “నీ టెస్టు అయిందా?” అని అడగండి. నన్ను ఒక్క తమ్ముడు ఆ మాట అడిగి ఉంటే మాకు నాలుగేండ్లు మిగిలేటివి. అప్పటి నాలుగేండ్లంటే ఆమె వయసు కూడా. చికిత్సల టెన్షన్ కంటే ఎక్కువ లెక్కకు వచ్చేది అదే.

మా రెండు పిండాలు ఇంకా ఉన్నయి. ప్యాకేజీ తీసుకోలేదు. దండారి అయినంక ఒకటి పెట్టించుకుందామని ఇద్దరం అనుకున్నం. ఆమె రెండు షరతులు పెట్టింది. రిజల్ట్ వచ్చే రోజు నేను బాయిల ఉండొద్దు. వచ్చినా రాకపోయినా ఆ రోజు ఎవ్వరూ ఆమెకు ఏం చెప్పొద్దు. లీవు ఇప్పుడే రాసిచ్చిన.

ఏమైందో ఈ గ్రూపుల రాయను. అడగకండి. మీ ఇండ్లల్ల ఉన్న ఆడవాళ్లను కూడా అడగకండి.

జై సేవా.